లోపలి వరసలో కుర్చీ

ఆదివారం పొద్దున్నే ఆమె మొగుడి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉంటే అత్తగారు వెనక నిలబడి కాలరు దగ్గర ఇంకోసారి తిప్పమంది. అక్కడ నలుగురూ ఉంటారట, నలిగిన చొక్కాతో కూచుంటే ఆ ఇంట్లో ఆడదిక్కు లేదనుకుంటారట. ఆడదిక్కుకేం, ఇద్దరున్నారు, ఒకరు ఇస్త్రీ చేయడానికీ ఒకరు కాలరు చూపించడానికీ అని ఆమె మనసులోనే అనుకుంది. పైకి అనలేదు. పైకి అనని మాటలన్నీ మూట కడితే ఆ ఇంట్లో అటక సరిపోదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఇంకా కాళ్ళు కూడా చాపలేదు, చెవుల్లో హెడ్‌ఫోన్ల ఒత్తిడి అలాగే ఉంది. ఎవరికైనా ఆపద వచ్చి మూడంకెల నంబరు కొడితే అవతల మొదట పలికే గొంతు ఆమెది. మొగుడు ఫైరింజను మీద వెళ్ళే మనిషి. ఇల్లంటుకున్నా, లిఫ్టులో ఇరుక్కున్నా, బావిలో పడ్డా ఆమె ఫోనెత్తుతుంది, అతను వెళతాడు. పెళ్ళిచూపుల్లో ఈ పొత్తు విని అందరూ తెగ మురిసిపోయారు.

ఆ మనిషి ఇప్పుడు ఊరి బయట ఒక చికిత్సా కేంద్రంలో ఉన్నాడు. మంటలార్పేవాళ్ళకీ అంబులెన్సుల్లో తిరిగేవాళ్ళకీ ప్రత్యేకంగా పెట్టిన చోటు అది. వాళ్ళ తాగుడూ మాత్రలూ మాన్పిస్తారు, ఆ తాగుడు కింద దాక్కుని ఉన్నదాన్ని బయటికి లాగి దానికీ మందు వేస్తారు. ఒకరోజు తాగి నిచ్చెనెక్కి, పైనుంచి దిగడం మర్చిపోయి అక్కడే కూచుండిపోతే, పై ఆఫీసరు ఉద్యోగం ఊడగొట్టకుండా ఇక్కడికి పంపాడు. అప్పటిదాకా ఆ ఆఫీసరుకి ఫోన్లు చేసింది ఆమె. జ్వరమండీ, మళ్ళీ జ్వరమండీ అని చెప్పీ చెప్పీ, చివరికి ఆయన మీ ఇంట్లో దోమలు మరీ ఎక్కువలా ఉన్నాయమ్మా అన్నాడు. వాంతులు కడిగింది ఆమె, సీసాలు పాత చీరలో చుట్టి పక్క వీధి చెత్తకుండీలో వేసొచ్చింది ఆమె, ఇరుగుపొరుగు ముందు నవ్వింది ఆమె. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. ఇదంతా చేసినందుకు అత్తగారు ఇచ్చిన బిరుదు, నువ్వు గట్టిదానివే తల్లీ అని. గట్టిదానివి అంటే, నీకు ఏమీ పెట్టక్కర్లేదు అని అర్థం.

మొదటిసారి అతన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ గది చూసింది. ఒక మంచం, తెల్లటి దుప్పటి, చెట్టు కనబడే కిటికీ. గోడ మీద గడియారం లేదు. అక్కడి పనివాళ్ళు రెండుసార్లు తలుపు తట్టి, లోపల్నుంచి పలికితే గానీ అడుగు పెట్టరు. ఆమె ఇంట్లో స్నానాల గదిలో ఉన్నా సరే, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని తలుపు బాదుతారు. అతను అవతల ఎవరితోనో మాట్లాడుతుంటే ఆమె మంచం మీద కూచుని దుప్పటి మీద చెయ్యి వేసి చూసింది. రోజూ పొద్దున ఒకావిడ వచ్చి రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతుందట, పట్టకపోతే ఎందుకు పట్టలేదో కూచుని వింటుందట. ఆ మాట అతను ఫిర్యాదులా చెప్పాడు, ఒకటే నస అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించుకుని కూచున్నాక తెలిసింది ఆ మంట పేరు. అసూయ. జాలిపడాల్సిన చోట, దేవుడా మనిషి బాగుపడుతున్నాడు అని దండం పెట్టుకోవాల్సిన చోట, ఆమెకి మొగుడి జబ్బు మీద కుళ్ళు పుట్టింది. ఇంట్లో కూలబడ్డానికి ఒక్కరికే చోటుంటే అతను ముందు పడ్డాడు. ఇక ఆమెకి మిగిలింది నిలబడ్డం.

ఇంకొక కుళ్ళు కూడా ఉంది, అది లోకానికి తెలిసిన రకం. అంబులెన్సులో పనిచేసే ఒక నర్సమ్మ అక్కడే చికిత్సలో ఉంది, నిద్రమాత్రలు మింగడం అలవాటై వచ్చింది. సన్నగా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎవరు మాట్లాడుతున్నా వాళ్ళ కళ్ళల్లోకే చూస్తూ ఉంటుంది. అతను వారానికొకసారి చేసే ఫోన్లో సగం ఆవిడ కబుర్లే. సిస్టర్ ఇలా అంది, సిస్టర్‌కి చెప్తే అర్థమవుతుంది, సిస్టర్ కూడా ప్రమాదాల స్పాట్‌కి వెళ్ళిన మనిషే. అత్తగారు వెంటనే పసిగట్టి, ఒక కన్నేసి ఉంచవే, పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు అంది. పిచ్చి అత్తయ్య. వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని తోటంతా తిరిగినా ఆమె ఇంత ఉడికిపోయేది కాదు. అతను ఆవిడతో మాట్లాడుతున్నాడు. పెళ్ళయిన కొత్తలో, ఇంట్లో డ్యూటీ మాటలొద్దు అని రూలు పెట్టిన మనిషి, గుమ్మంలో బూట్లతో పాటు మాటల్ని కూడా అవతలే విడిచి వచ్చిన మనిషి, ఆవిడకి కూచోబెట్టి అన్నీ చెబుతున్నాడు.

ఆ రూలు ఆమెని ఎంత మాడ్చిందో అతనికి తెలియదు. ఆమె ఉద్యోగంలో ఇంకో రూలుంది. బండి చేరేదాకా అవతలి మనిషిని లైన్లో పట్టి ఉంచాలి. చేరిందనగానే వాళ్ళొచ్చేశారు అని చెప్పి పెట్టెయ్యాలి, వెనకాల ఇంకో ప్రాణం మోగుతూ ఉంటుంది. తర్వాత ఏమైందని అడగకూడదు. మర్నాటి పేపరు చూడకూడదని సీనియర్లు మొదటిరోజే చెప్తారు, చూస్తే ఆ పై రోజు గొంతు పెగలదట. ఇన్నేళ్ళుగా ఆమె దగ్గర అన్నీ మొదళ్ళే. చివరలన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఒకే మంచం మీద పక్కన పడుకుని, అతని తలలో ఉన్న ఆ చివరల కోసం ఆమె ఆకలిగా చూసేది. ఒకసారి ఉండబట్టలేక, పొద్దున లిఫ్టులో ఇరుక్కుని లోపలే కాన్పయిందే, ఆ పిల్లాడు బతికాడా అని అడిగింది. అతను అటు తిరిగి పడుకుంటూ, "మీకేం, కూచుని ఫోన్లెత్తుతారు. మోసేది మేము కదా," అన్నాడు. పిల్లాడి సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం బస్సులో అత్తగారు మళ్ళీ అదే ఎత్తుకుంది. ఆరోజు అక్కడ కుటుంబాల రోజు, వాడు వచ్చే వారం ఇంటికొస్తాడు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషెవరని కౌన్సెలర్ మేడమ్ అందరి ముందూ అడుగుతుంది. అడిగితే ఉద్యోగం మానేస్తానని చెప్పెయ్యమంది. "చెప్పేటప్పుడు కాస్త నవ్వు మొహంతో చెప్పు. వాడికి దిగులేస్తుంది." అతను కూడా ఫోన్లో అదే అన్నాడు, నీ ఉద్యోగంలో ఏముంది, ఫోనెవరైనా ఎత్తుతారు అని. అతను నిచ్చెనెక్కలేకపోతే దానికి చికిత్స ఉంది. ఆమె ఉద్యోగం మానేస్తే దానికి పేరు బాధ్యత. ఆమె ఊ అనలేదు, ఉహూ అనలేదు. అత్తగారు దాన్ని ఊ కిందే జమకట్టుకుంది.

ఊ అనడానికి నోరు రాకపోవడానికి కారణం ఒకమ్మాయి. ఆమె దగ్గర ఉన్నవన్నీ మొదళ్ళే అన్నాను గానీ, ఒక్కటి, ఒకే ఒక్కటి చివరిదాకా విన్నది ఉంది. నిరుడు ఒక మధ్యాహ్నం పరుపుల కొట్టు మీద మూడో అంతస్తులో ఒక కాలేజీ పిల్ల ఒక్కతే ఉండగా కింద అంటుకుంది. మెట్ల నిండా పొగ. ఆ పిల్ల స్నానాల గదిలో దూరి ఫోన్ చేసింది. తువ్వాలు తడిపి తలుపు కింద కుక్కు తల్లీ, నేల మీద కూచో, నాతో మాట్లాడుతూ ఉండు, వస్తున్నారు అని ఆమె చెబుతూనే ఉంది. ఆ పిల్ల తను చదివే చదువు, ఇష్టంలేని లెక్చరరు, అన్నీ చెప్పింది, మధ్యమధ్య దగ్గింది. చివరికి దబదబా తలుపు బాదుతున్న చప్పుడు ఆమె చెవిన కూడా పడింది. "కొడుతున్నారక్కా," అంది ఆ పిల్ల. వాళ్ళొచ్చేశారు తల్లీ, ఇక పెట్టేస్తాను అంది ఆమె. ఆరోజు ఇంటికి నడుస్తూ ఉంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ తర్వాత ఎంత పాడు రోజైనా ఆ పిల్లని తలుచుకుని నిద్రపోయేది. ఈపాటికి చదువు అయిపోయి ఉంటుంది, ఆ లెక్చరరు పీడ వదిలి ఉంటుంది అనుకునేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రూలు కదా.

కేంద్రంలో పెద్ద హాల్లో కుర్చీలు రెండు వరసల్లో గుండ్రంగా వేశారు. లోపలి వరస చికిత్సలో ఉన్నవాళ్ళది, బయటి వరస ఇంటివాళ్ళది. లోపలివాళ్ళు మాట్లాడతారు, బయటివాళ్ళు వింటారు, అడిగితే తప్ప నోరెత్తకూడదు. ఆమె చుట్టూ చూసింది. బయటి వరస నిండా పెళ్ళాలూ తల్లులూ, అందరి ఒళ్ళోనూ సంచులు. ఈ అమరికకి ఇంత దూరం రావాలా, మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే అనుకుంది. అతను ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని నర్సమ్మ పక్కన కూచున్నాడు. మొహం తేటపడింది, కళ్ళ కింద ఉబ్బు తగ్గింది. బాగున్నాడు. ఇందాక ఆమె లోపలికొస్తుంటే కళ్ళ కింద నల్లచారల్ని చూసి ఎవరో పేషెంటనుకుని గుమ్మం దగ్గర లోపలి వరసకి దారి చూపించబోయారు. కాదండీ నేను భార్యని అంటే, అయ్యో అని బయటి వరసకి తోశారు.

అతని వంతు వచ్చింది. తల వంచుకుని మొదలుపెట్టాడు. నిరుడు ఒక మధ్యాహ్నం అన్నాడు. పరుపుల కొట్టు అన్నాడు.

ఆమె ఒళ్ళోని సంచిని ఒక్కసారి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత వింతగా, ముందు సంతోషం వేసింది. ఆ పిల్లని బయటికి తెచ్చింది అతనా, ఇన్నాళ్ళూ మాకిద్దరికీ ఒక పిల్ల ఉందన్నమాట అని, అంత వెర్రి ఆశ ఒక్క క్షణంలో పుట్టింది. అతను చెబుతూనే ఉన్నాడు. సందు మొదట్లో ఎవడో కారు అడ్డంగా పెట్టి పోయాడు, దాన్ని తోసేసరికి ఆలస్యమైంది. పైకెళ్ళేసరికి తలుపు కింద తడి తువ్వాలు పొందిగ్గా కుక్కి ఉంది. పిల్ల నేల మీద కూచుని ఉంది, గోడకి చేరబడి. ఫోను చేతిలోనే ఉంది. మోసుకుని మూడంతస్తులూ దిగాను, దిగుతున్నంతసేపూ తెలుసు అన్నాడు.

"పక్కింటాయన మాకంటే ముందు వెళ్ళి తలుపు బాదాడట, పొగకి ఆగలేక దిగిపోయాడట. లోపల్నుంచి ఆ పిల్ల, వచ్చేశారా అని అడిగిందట." అతను నర్సమ్మ వైపు తిరిగాడు. "ఎవరూ రాలేదు సిస్టర్. మేమింకా కిందే ఉన్నాం."

నర్సమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఎవరో ముక్కు చీదారు. బయటి వరసలో ఆమె కూచున్న చోటే ఉంది. వాళ్ళొచ్చేశారు తల్లీ, ఇక పెట్టేస్తాను. తన గొంతు తనకే వినబడుతోంది, స్పష్టంగా, చల్లగా, ట్రైనింగులో మెచ్చుకున్న గొంతు. పెట్టెయ్యకపోతే పిల్ల బతికేదా? బతకదు. ఆ పొగ ఎవరి మాటా వినదు. కానీ చివర్లో చెవి దగ్గర ఒక మనిషి గొంతు ఉండేది. అది తను తీసేసుకుంది, ఇంకో నంబరు మోగుతోందని.

అతను ఇంకా ఆపలేదు. మేడమ్ ఏదో అడిగితే, అవును, సీసా చేతికొచ్చింది ఆరోజే అన్నాడు. "ఇంటికెళ్ళి తలుపు కొడితే మా ఆవిడ నవ్వుతూ తీసింది మేడమ్. అంత నవ్వు నేనెప్పుడూ చూళ్ళేదు. ఒంటి నిండా ఆ వాసనతో నేను నిలబడి ఉంటే అది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక బయటికెళ్ళి తాగాను. తాగొచ్చాక కూడా దాని కంట్లో ఒక్క నీటి చుక్క లేదు. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, మంచినీళ్ళు తాగండి అని, ఫోన్లో ఎవడికో చెప్పినట్టు. రాయి."

లోపలి వరసంతా వెనక్కి తిరిగి ఆమెను చూసింది. బయటి వరసలో సంచుల వాళ్ళు కూడా చూశారు. వాళ్ళల్లో ఎవరికీ తెలియదు ఆ నవ్వు ఎక్కడిదో. ఆమెకి అప్పుడు వచ్చింది దుఃఖం అనుకుంటే పొరపాటు. దుఃఖం కంటే ముందు, దాన్ని తోసుకుంటూ, అసూయే వచ్చింది. ఈ పిల్ల చావు కూడా ఏడాదిగా అతని దగ్గరే ఉంది. దాన్ని తలుచుకుని తాగాడు, ఏడిచాడు, నిచ్చెన మీద కూలబడ్డాడు, ఒక నర్సమ్మ భుజం నిమిరింది, ఒక మేడమ్ రోజూ నిద్ర గురించి అడిగింది. ఆమెకి ఆ పిల్ల ఇప్పుడే, ఈ కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని ఉండగా చచ్చిపోయింది. చచ్చిపోయి నాలుగు మాటలైనా కాలేదు, అప్పుడే నలుగురూ ఆమె నవ్వు మొహం కోసం చూస్తున్నారు.

మేడమ్ మంచావిడే. అతనికి నీళ్ళిచ్చి, బయటి వరస వైపు తిరిగి మెత్తగా అడిగింది, వచ్చే వారం నుంచి ఈయన్ని ఇంట్లో ఎవరు కనిపెట్టుకుని ఉంటారమ్మా అని. అత్తగారు మోచేత్తో పొడిచింది.

ఆమె లేచింది. సంచి అత్తగారి ఒళ్ళో పెట్టింది. తను కూచున్న కుర్చీ ఎత్తుకుని, మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్ళి, లోపలి వరసలో నర్సమ్మకీ ఒక అంబులెన్సు డ్రైవరుకీ మధ్య పట్టీపట్టని సందులో దాన్ని దించింది. కుర్చీ కాలు నేల మీద కీచుమంది. మేడమ్ ఇబ్బందిగా నవ్వి, "అమ్మా, ఆ వరస చికిత్సలో ఉన్నవాళ్ళది," అంది.

"తెలుసండి," అంది ఆమె. కూచుంది. "ఆ పిల్ల ఫోనెత్తింది నేనే. తువ్వాలు తడపమన్నది నేనే. వచ్చేశారని చెప్పి పెట్టేసింది కూడా నేనే. బతికిందనుకున్నాను. అందుకే నవ్వాను."

అతను కుర్చీలో ఆమె వైపు తిరిగాడు. నర్సమ్మ తన కుర్చీ పక్కకి జరిపి చోటిచ్చింది. భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏమనుకుందో ఆగింది. ఆగినందుకు ఆమెకి ఆవిడ మీద మొదటిసారి కాస్త ఇష్టం కలిగింది. అందరికంటే ముందు తేరుకున్నది అత్తగారు. బయటి వరసలోంచే గొంతు తగ్గించి, బాగుపడుతున్న మనిషిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటావేంటే, ఇప్పుడు ఇవన్నీ చెప్తే వాడు తట్టుకోగలడా అంది.

"తట్టుకోలేకపోతే ఆయనకి ఇక్కడ డాక్టర్లున్నారు అత్తయ్యా," అంది ఆమె. "ఇంట్లో చూసుకోడానికి మీరున్నారు. నా ఉద్యోగం నేను మాననండి మేడమ్. కానీ రేపు ఫోనెత్తలేను. స్పాట్‌కి వెళ్ళినవాళ్ళకే ఇక్కడ మంచమని రూలుంటే, దాన్ని ఎవరు మార్చాలో కనుక్కుని చెప్పండి. అందాకా నేనీ కుర్చీలోంచి లేవను."

మేడమ్ కనుక్కుంటానమ్మా అంది. అప్పుడు అతను కుర్చీ అంచుకి జరిగాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న వెయ్యని మనిషి, ఇప్పుడు అడిగాడు.

"ఏమందే ఆ పిల్ల? బాగా భయపడిందా? నాకు చెప్పవే. అదొక్కటీ తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

ఆమె నోట్లో జవాబు తయారుగానే ఉంది. లేదండీ, భయపడలేదు, ధైర్యంగా ఉంది, మీరు ఊపిరి నెమ్మదిగా తీసుకోండి అని, ఆ చల్లటి గొంతులోనే, అబద్ధమూ నిజమూ సరిగ్గా కలిపి. ఇన్నేళ్ళుగా ఊరందరికీ పంచిన గొంతు. పెదవి దాకా వచ్చినదాన్ని ఆమె మింగేసింది. అతని మొహం మీంచి చూపు తీసేసి, గుండ్రంగా కూచున్న ఆ కొత్తమనుషుల వైపు తిరిగింది.

"చెప్తాను," అంది. "మీ నిద్ర కోసం మాత్రం కాదు."